రేపు తెగిన లైను

“కొట్టేదొకటి, కనబడేదొకటి! ఇదేం కంప్యూటరయ్యా బాబూ?” అని ఫోన్లోనే కేకలేశారు డాక్టర్ మృడాని.

చెన్నకేశవులికి ఇలాంటి కేకలు కొత్త కాదు. టెలిఫోను తీగకి మోడెం తగిలించుకుని, అది కాసేపు కీచుకీచుమని అరిచి అవతలి మోడెంతో మాట కలిపితే తప్ప ఇంటర్నెట్టు రాని రోజులవి. బందరు మొత్తం మీద అలాంటి కనెక్షన్లు నలభైకి మించవు. ఆ నలభైకీ దిక్కు ఇతనొక్కడే. మోడెం మూలుగుతోందనేవాళ్ళు, లైను మధ్యలో కునుకు తీస్తోందనేవాళ్ళు, వాన పడితే కంప్యూటరుకి జలుబు చేసిందనేవాళ్ళు, అందర్నీ చూశాడు. చూసి చూసి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ముందు తీగ చూడాలి, తర్వాత మోడెం, తర్వాత ప్రోగ్రాము, అన్నీ అయ్యాక మనిషి. నూటికి తొంభై పాళ్ళు జబ్బు తీగలోనే దొరుకుతుంది, మనిషి దాకా రానక్కర్లేదు.

మృడాని గారి ప్రయోగశాల సముద్రం రోడ్డులో, మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ మేడ మీద. కేశవులు మెట్లెక్కి వెళ్ళేసరికి కంప్యూటరు ముందు కూర్చున్నది సాక్షాత్తూ అతని మామగారు రంగశాయి. ఆయన్ని ఆ ఉద్యోగంలో పెట్టించింది కేశవులే. తార్ ఆఫీసులో ముప్పై అయిదేళ్ళు టెలిగ్రాములు టకటకలాడించి రిటైరైన మనిషి, ఊరికే కూర్చోలేక కూతురి వంటకి వంకలు పెడుతుంటే ఆ పోరు పడలేక, “చూడకుండా టైపు కొట్టే మనిషి కావాలి” అన్న మృడాని గారికి తీసుకెళ్ళి అప్పజెప్పాడు.

“రావయ్యా వైద్యుడా,” అన్నారు రంగశాయి. “మీ పెట్టెకి చిత్తచాంచల్యం పట్టింది. నేను గాలి పన్నెండు అంటే అది ఇరవై రెండు అంటుంది.”

కేశవులు కుర్చీ లాక్కున్నాడు. తెర మీద టెర్మినల్ ప్రోగ్రాము తెరిచి ఉంది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతకంటే సింగారం లేదు. ఆ ప్రోగ్రాము ఫోను లైను మీదుగా తీరం దాకా, అక్కడి నుంచి రేడియో మీద, సముద్రంలో ఇరవై మైళ్ళ అవతల లంగరేసిన బోయాకి కలుపుతుంది. బోయా అంటే మరేం కాదు, పెద్ద తేలే పీపా. దాని కడుపులో, పంపిన వాతావరణం లెక్కలు దాచుకునే మృడాని గారి యంత్రం ఉంది. రోజూ సాయంత్రం నాలుగింటికి రంగశాయి గారు ఆ పూట గాలి, వాన, అలల ఎత్తు కొట్టి పంపాలి. మనం కొట్టిన అక్షరం అవతలిదాకా వెళ్ళి, తిరిగొచ్చి తెర మీద పడుతుంది. దాన్నే ఎకో అంటారు.

జబ్బు చూడగానే తెలిసిపోయిందనుకున్నాడు కేశవులు. కంప్యూటరు తనంతట తాను అక్షరాలు చూపిస్తోంది, అవతల్నుంచి వచ్చే ఎకో కూడా చూపిస్తోంది, రెండూ కలిసి కిచిడీ అవుతున్నాయి. ఇవతలి ఎకో ఆపేశాడు. “ఇప్పుడు కొట్టండి.”

రంగశాయి కొట్టారు. కిచిడీ పోయింది. ఒక్క వరుసే వచ్చింది, అదీ శుభ్రంగా. కాని అది ఆయన కొట్టిన వరుస కాదు. గాలి ఇరవై రెండు, సాయంత్రం వాన అని ఉంది. పైగా తారీఖు రేపటిది.

కేశవులు వేగం తగ్గించి చూశాడు. అక్షరానికి ఎనిమిది బిట్లున్నవి ఏడు చేశాడు. తీగ మార్చాడు. మోడెం మార్చాడు. లైను పాడైతే చెత్త రావాలి, ఆశ్చర్యార్థకాలూ పిచ్చి గీతలూ రావాలి. ఇది ఎంత మార్చినా అర్థమున్న మాటగానే వస్తోంది. నాలుగు గంటలు తల బద్దలుకొట్టుకుని, “రేపొస్తానండీ” అని మొహం వేలాడేసుకుని వెళ్ళాడు.

మర్నాడు నాలుగింటికి గాలి ఇరవై రెండుంది, వాన పడుతోంది. రంగశాయి గారు ఆ సంగతే కొట్టారు, అక్షరం పొల్లుపోకుండా. తెర మీద మాత్రం ఆ మర్నాడు ఎండ కాస్తుందని వచ్చింది.

మృడాని గారు కేకలు మానేసి తన నోట్‌బుక్కు తెచ్చారు. పొడుగ్గా, బక్కపల్చగా ఉంటారావిడ, మాట మాత్రం గంట కొట్టినట్టుంటుంది. “ఎకో ఆలస్యంగా వస్తోందని, ఆ ఆలస్యం తగ్గించడానికి బోయాలో నేను పెంచిన స్ఫటికం ఒకటి పెట్టాను,” అన్నారు. “తగ్గింది. మొన్న లెక్కేస్తే మైనస్ ఇరవై నాలుగు గంటలని వచ్చింది. ఆ మైనసు నా చేతి పొరపాటనుకుని కొట్టేశాను చూడు.” నోట్‌బుక్కులో ఆ గీత మీద మరో గీత గీసి ఉంది.

అలా మొదలైంది. ఇవాళ కొడుతూ ఉంటే రేపు కొట్టబోయేది కనబడుతుంది. నాలుగు నెలల పాటు వేటకెళ్ళే పడవలకి ఒకరోజు ముందే కబురందింది, మృడాని గారి జోస్యం తప్పదని తీరమంతా పేరు పడింది. అసలు సంగతి ముగ్గురికే తెలుసు. కనబడినదాన్ని మార్చాలని ఆవిడ చూడకపోలేదు. ఒకసారి ఎండ ముప్పై ఒకటని కనబడితే, పట్టుబట్టి ముప్పై రెండు కొట్టాలనుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం ఆవిడకి జ్వరం తగిలి పడుకుంటే, ఆ పంతం సంగతి తెలియని రంగశాయి గారు వచ్చి ఉన్నదున్నట్టు ముప్పై ఒకటి కొట్టి వెళ్ళారు. ఇంకోసారి కేశవులు మోడెం కట్టేద్దామనుకుని, ఆ పూట వేరే ఊళ్ళో ఇరుక్కుపోయాడు. “తెర మీద పడింది కొట్టక తప్పదు,” అని తేల్చారు మృడాని. “ఎందుకు కొడతామన్నది మాత్రం తెర చెప్పదు.”

ఆ రెండో మాట కేశవులు అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

కార్తీకం చివర ఒక మంగళవారం. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిందని రేడియో పొద్దుటి నుంచీ ఊదరగొడుతోంది. ఉత్తరపు పల్లెల వైపు వెళ్ళవచ్చునంటుంది, దక్షిణం వైపు మళ్ళినా మళ్ళవచ్చునంటుంది. గోడ మీద పిల్లిలా ఎటూ తేల్చదు. నాలుగు కొట్టేసరికి జిల్లా అధికారి మనిషొకడు మేడ మీదికొచ్చి కూర్చున్నాడు. అతనికి అసలు రహస్యం తెలియదు, మృడాని గారి మాట మీద గురి అంతే. “అమ్మా, చేతిలో ఇరవై లారీలున్నాయి. రెండు వైపులకీ చాలవు. ఎటు పంపమంటారో చెప్పండి చాలు,” అన్నాడు.

రంగశాయి గారు మంగళవారం సంగతి కొట్టడం మొదలుపెట్టారు. తెర మీద బుధవారం రాసాగింది. గాలి గంటకి నూట అరవై. వాన ఎడతెరిపి లేకుండా. అలల ఎత్తు పదిహేనడుగులు. తుపాను ఇప్పుడే తీరం దాటుతోంది. దాటుతున్న చోటు.

అక్కడితో ఆగింది.

నలుగురూ తెర మీదికి వంగారు. చోటు అన్న మాట పక్కన చిన్న తెల్ల గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. గోడ గడియారంలో నాలుగూ ఏడు. ఒక నిమిషం చూశారు, అయిదు నిమిషాలు చూశారు. రంగశాయి గారు ఊరికే అక్షరాలు కొడుతూనే ఉన్నారు, ఎకో పడితే పడుతుందని. ఏదీ పడలేదు.

“లైను పోయిందయ్యా కేశవులూ, చూడు!” అన్నారు మృడాని.

కేశవులు చూశాడు. మోడెం మీద లైట్లు నిక్షేపంగా వెలుగుతున్నాయి. లైను బతికే ఉంది. తీగ కదిపాడు, బాగుంది. ఫోను పెట్టేసి మళ్ళీ డయల్ చేశాడు, తిన్నగా కలిసింది. ప్రోగ్రాములో ఏ అమరికా చెదరలేదు. బల్ల కిందినుంచి గోడదాకా, గోడనుంచి స్తంభందాకా పాకి చూశాడు. అయిదింటిదాకా చూసినా పిసరంత లోపం దొరకలేదు. అధికారి మనిషి వాచీ చూసుకుంటూ, “పోనీ మీకేమనిపిస్తోంది?” అన్నాడు. “తెలియదండీ,” అన్నారు మృడాని. ఆ మాట ఆవిడ నోటినుంచి రావడం అంతకుముందు ఎవరూ వినలేదు. అతను నిట్టూర్చి, “రేడియోవాళ్ళు ముందు ఉత్తరం పేరే చెప్పారు కదా, అటే పంపుతాం,” అని లేచాడు.

అతను వెళ్ళాక రంగశాయి గారు చొక్కా చేతులు మడుచుకుని తాపీగా అన్నారు, “కేశవా, ఇవాళ్టి లైనులో వెతికితే ఏం దొరుకుతుందయ్యా? తెగింది రేపటిది.”

కేశవులు తీగ వదిలేసి లేచాడు. నిజమే. ఇన్నాళ్ళూ జరిగిన లోపాన్ని వెతికాడు. ఇప్పుడు జరగబోయేదాన్ని వెతకాలి.

“ఇంకోటి చెప్పనా?” అన్నారు ముసలాయన. “ఆ కొట్టింది నేనే. తార్ కొట్టేవాళ్ళకి ఎవరి చెయ్యి ఏదో తెలుస్తుంది. అంకె దగ్గర కాస్త ఆగి, మాట దగ్గర పరిగెత్తే చెయ్యి నాదే. రేపు నాలుగింటికి ఈ కుర్చీలో ఉండేది నేనే.”

“అయితే మధ్యలో ఎందుకాపారు?”

రంగశాయి గారు జవాబు చెప్పనక్కర్లేదు. ఆ ఇంటి అల్లుడైన ప్రతివాడికీ తెలిసిన కథ ఒకటుంది. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, సొంత తల్లి పోయిన కబురు ఆయన మిషను మీదికే వచ్చింది. చివరి మాటదాకా రాసుకుని, కింద తన సంతకం రెండక్షరాలు వేసి, కాగితం మడిచి, అప్పుడు లేచి ఏడ్చారు. మొదలుపెట్టిన తార్ మధ్యలో వదిలి లేవడం ఆయన జన్మలో లేదు. ఇల్లంటుకున్నా లేవరు. అలాంటి మనిషి మాట మధ్యలో, సంతకం లేకుండా ఆగాడంటే, తీగ తెగి ఉండాలి, కాకపోతే మనిషి.

“ఆగేది నేనే అయితే ఆగనీవయ్యా,” అన్నారాయన మెట్లు దిగుతూ. “డెబ్భై దాటాయి. పారిపోయి ఎక్కడ దాక్కుంటాను?”

ఆ రాత్రి కేశవులు కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. తెల్లవారి బుధవారం పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి పనిలోకి దిగాడు. అలవాటైన చేతులు కదా, లోపం వస్తుందంటే ఊరుకోవు. స్తంభం నుంచి వచ్చే తీగకి కొత్త కట్టు కట్టాడు. కరెంటు పోతుందని రెండు లారీ బ్యాటరీలు తెచ్చి ఇన్వర్టరుకి తగిలించాడు. మోడెం వేడెక్కకుండా ఇటుకల మీద పెట్టాడు. కిటికీలకి చెక్కలు కొట్టాడు. పదకొండింటికి చెమట తుడుచుకుని చూసుకుంటే, ఆ గదిలో తెగడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు వెలిగింది. తీగ గట్టిపడిన కొద్దీ అది మనిషి మీదికొస్తోంది. కట్టిన కట్టు ప్రతిదీ మామగారి పీకకే కడుతున్నాడు.

స్క్రూడ్రైవరు బల్ల మీద పడేసి ఇంటికి పరిగెత్తాడు.

అతని భార్య సువర్చల కంచం పెట్టి, ఎదురుగా కూర్చుని, అన్నం కెలుకుతున్న మొగుణ్ణి కాసేపు చూసి, “ఏంటండీ ఆ కాలు ఊపడం? నిన్నటి నుంచీ మీకూ నాన్నకీ ఏదో పట్టింది. ఆయనేమో పెట్టెలో కాగితాలన్నీ తీసి సర్దుతున్నారు,” అంది.

దాచలేకపోయాడు. మొత్తం చెప్పేశాడు, బోయా దగ్గర్నుంచీ నాలుగూ ఏడు దాకా. నమ్మదేమో అనుకున్నాడు. ఆమె నమ్మింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

“నాన్నని పంపకండి,” అంది. “గదిలో పెట్టి గడియ వేస్తాను.”

“వేసినా వెళ్తారు. ఎలా వెళ్తారో తెలియదు, వెళ్తారు. అది కనబడిపోయింది.”

“అమ్మ పోయినప్పుడు చెంచాడు గంజి తాగించలేకపోయానని ఇప్పటికీ ఏడుస్తుంటాను నేను. నాన్నని కూడా చూస్తూ చూస్తూ...” కళ్ళు తుడుచుకుని అతని మణికట్టు పట్టుకుంది. “మీ చేతిలో విద్య ఉంది కదండీ. ఊళ్ళో అందరి తీగలూ కలిపారే! మా నాన్న ఒక్కడి కోసం ఏదో ఒకటి చెయ్యలేరా?”

తీగలు కలిపారే అన్న ఆ మాట దగ్గర కేశవులి చెయ్యి అన్నంలో ఆగిపోయింది. కలిపేవాడు తెంపలేడా? తెర మీద కనబడింది ఒక్కటే, నాలుగూ ఏడుకి మాట తెగిందని. ఎందుకు తెగిందో తెర చెప్పలేదు. ఆ తెగడం మామగారి గుండె ఆగి కానక్కర్లేదు. తీగ ఊడి తెగినా లెక్క సరిపోతుంది. తీగ తనంతట తాను ఊడకపోతే, ఊడదీసే చెయ్యి తనకుంది. విధికి కావలసిందేదో దానికి పారేస్తే, మనిషి జోలికి రాదు.

“చేస్తాను,” అన్నాడు. ఆ ఒక్క మాటతో సువర్చల మొహం తేటపడింది. కేశవులికీ ఒళ్ళు తేలికైంది. తెర మీద ‘చోటు’ పక్కన రావలసిన ఊరి పేరు సంగతి అతనికి గుర్తు రాలేదా అంటే, వచ్చింది. అది నిన్ననే పోయింది కదా, లారీలు పొద్దున్నే ఉత్తరానికి వెళ్ళిపోయాయి కదా, ఇప్పుడు నేను పీకినా పీకకపోయినా ఒకటే కదా అని తనకి తాను చెప్పుకున్నాడు. మనసు ఒప్పుకుంది. అవసరమైనప్పుడు మనసు ఎంత తొందరగా ఒప్పుకుంటుందో!

మూడున్నరకి గాలి ఊళ ఎత్తింది. రంగశాయి గారు పంచె ఎగ్గట్టి, తడిసి ముద్దై, మెట్లెక్కి వచ్చారు. ఆయన రాకముందే కేశవులు కంప్యూటరు వెనక, మోడెం తీగ బిగించే చిన్న స్క్రూలు రెండూ వదులు చేసి ఉంచాడు. వేలు తగిలిస్తే చాలు.

మృడాని గారు పక్క గదిలో పోలీసు వైర్‌లెస్సు దగ్గర కూర్చున్నారు. తుపాను కన్ను ఎక్కడ దాటుతోందో వాళ్ళే చెప్పాలి. చెప్పగానే చీటీ మీద రాసి తేవాలి, రంగశాయి గారు కొట్టాలి. నాలుగైంది. కొట్టడం మొదలుపెట్టారు.

తెర నల్లగా ఉండిపోయింది. ఒక్క అక్షరం పడలేదు.

“అవతలికి పోతోందా?” అన్నారాయన.

“పోతోంది,” అన్నాడు కేశవులు. మోడెం లైటు ప్రతి అక్షరానికీ మిణుకుమంటోంది. పోతోంది, కాని రేపటినుంచి ఏదీ రావడం లేదు.

“అంటే రేపు ఈ కుర్చీలో ఎవరూ కూర్చోరన్నమాట,” అని నవ్వారు రంగశాయి. “నాకు సెలవు.”

కేశవులు బల్ల కిందికి దూరి, ఏదో సర్దుతున్నట్టు నటిస్తూ తీగ కొస పట్టుకున్నాడు. పైన మామగారి వేళ్ళ చప్పుడు వినబడుతోంది. గాలి గంటకి నూట అరవై. వాన. అలల ఎత్తు. నాలుగూ ఆరు. మృడాని గారు చీటీ పట్టుకుని పరిగెత్తుకొచ్చి బల్ల మీద పెట్టి మళ్ళీ వైర్‌లెస్సు దగ్గరికి పరిగెత్తారు. తుపాను ఇప్పుడే తీరం దాటుతోంది. దాటుతున్న చోటు.

వేళ్ళ చప్పుడు ఆగింది. కేశవులు తల పైకెత్తి చూశాడు. మామగారి కుడి చెయ్యి గుండెల మీద ఉంది.

పీకేశాడు.

మోడెంలో టిక్కుమని చప్పుడైంది. తీగ ఊడితే మోడెం ఫోను పెట్టేస్తుంది, దాని స్వభావం అది. లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. కేశవులు కళ్ళు మూసుకుని మామగారు కూలిపోతారేమోనని చేతులు చాచాడు. ఎవరూ కూలలేదు. పైన మళ్ళీ టకటక మొదలైంది. ఒక పేరు, ఆ వెంటనే సంతకం రెండక్షరాలు. కళ్ళు తెరిస్తే, రంగశాయి గారు చొక్కా జేబులోంచి తీసిన కళ్ళజోడు ముక్కు మీద సర్దుకుని, చీటీ పక్కన పెడుతున్నారు.

“అయింది,” అన్నారాయన. “ఇసకదొడ్డి. దక్షిణం. నిన్న అందరం అనవసరంగా భయపడ్డాం కేశవా, పూర్తిగానే కొట్టానే! మరి నిన్న ఎందుకు...”

బల్ల కింద అల్లుడి చేతిలో తీగ కనబడింది.

“గుండె పట్టుకున్నారు కదా మీరు!” అన్నాడు కేశవులు.

“కళ్ళజోడు తీశానయ్యా.”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కేశవులు తీగని మళ్ళీ గుచ్చాడు. తొందరలో ఒకసారి తిరగేసి గుచ్చాడు, తీసి సరిచేశాడు. డయల్ కొట్టాడు. డయల్ టోను వచ్చింది, నంబరు పోయింది, అవతలి మోడెం కీచుమంది. ఇవతలిదీ కీచుమంది. ఆ రెండూ మాట కలుపుకోవడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషంలో కేశవులు మొక్కని దేవుడు లేడు. ఇరవై లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి దగ్గర బయటెక్కడో స్తంభం విరిగిన చప్పుడైంది, స్పీకరులో చప్పుడు ఆగిపోయింది. లైను లేదని తెర మీద ఒక ముక్క పడింది. నాలుగూ పదకొండు.

మళ్ళీ కొట్టాడు. డయల్ టోను లేదు. మళ్ళీ కొట్టాడు. రిసీవరు ఎత్తి చెవికి ఆనించాడు, అందులో చచ్చిన నిశ్శబ్దం.

“చాల్లే,” అన్నారు రంగశాయి.

అతను పీకాక కూడా లైను నాలుగు నిమిషాలు బతికే ఉంది. పేరుకి పది క్షణాలు చాలు. తను పీకకుండా ఊరుకుని ఉంటే, ఆ పేరు నిన్న సాయంత్రమే ఈ తెర మీద పడేది, అధికారి మనిషి చూసేవాడు, ఇరవై లారీలూ దక్షిణానికి తిరిగేవి. లోపం ఎక్కడుందని నిన్నంతా గోడలు పట్టుకుని పాకాడు కదా, అది ఇదిగో, ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కేశవులు బల్ల కిందే ఉండిపోయి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ముసలాయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “నేను పోతాననా?” అన్నారు.

“అవును.”

“సువర్చల అడిగిందా?”

“అడిగింది. అడక్కపోయినా చేసేవాణ్ణే.”

“నన్నొక్క మాట అడగవలసింది,” అన్నారాయన.

ఇంటికి వెళ్తే సువర్చల గుమ్మంలోనే తండ్రిని చుట్టేసుకుంది. కేశవులి రెండు చేతులూ కళ్ళకద్దుకుని, “నాన్నని నిలబెట్టారండీ,” అంది. అతను చేతులు వెనక్కి లాక్కుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. లోపల రంగశాయి గారు కూతురికి ఏం చెప్పారో, అసలు చెప్పారో లేదో, అతను ఎప్పటికీ అడగలేదు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. ఇసకదొడ్డికి మొదటి లారీ బయల్దేరుతోందని తెలిసి రంగశాయి గారు తెల్ల కాగితాల కట్ట చంకలో పెట్టుకుని, “పద,” అన్నారు. బియ్యం బస్తాల మీద కూర్చుని మామా అల్లుళ్ళు ఇద్దరూ వెళ్ళారు.

ఇసకదొడ్డిలో ఇళ్ళు లేవు. బడి మేడ ఒక్కటి నిలబడి ఉంది, దాని మీద ఎక్కినవాళ్ళు మిగిలారు. ఎంతమంది మిగిలారో, ఎంతమంది లేరో ఇంకా ఎవరూ తేల్చలేదు. రంగశాయి గారు బడి అరుగు మీద కూర్చుని గొంతెత్తి చెప్పారు, “మీ వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా సరే, కబురు చెప్పండి. రాసుకెళ్ళి బెజవాడ నుంచి మేం పంపిస్తాం.” జనం ఒక్కొక్కరే వచ్చి వరస కట్టారు. ఆయన కాసేపు రాసి, కాగితాలూ కలమూ అల్లుడి చేతిలో పెట్టారు. “నువ్వు రాయి. రాసింది వాళ్ళకి చదివి వినిపించు. వినిపించకపోతే అది తార్ కాదు.”

నలభై ఏళ్ళావిడ ఒకతె వచ్చి అతని ముందు కూలబడింది. చీర నిండా ఒండ్రు. పేరు నాంచారమ్మ అని చెప్పింది. కబురు గూడూరులో ఉన్న తమ్ముడికి.

“ముగ్గురం ఉన్నామని రాయి బాబూ,” అంది. “అయిదుగురం అని రాయమాకు. ముగ్గురం.”

కేశవులు రాశాడు. అక్షరాలు అలుక్కుపోతుంటే చేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాశాడు. “ముగ్గురం ఉన్నాం. అక్క నాంచారమ్మ,” అని చదివాడు.

“అంతే,” అంది. లేవబోయి, అతని మొహం కేసి చూసి, “నువ్వెందుకేడుస్తావు బాబూ? మీదీ ఈ ఊరేనా, పోస్టాఫీసువాడివా?” అని అడిగింది.

“కాదమ్మా. మొన్న సాయంత్రమే మీ ఊరికి రావలసిన కబురొకటుంది. వచ్చుంటే మిమ్మల్నందర్నీ లారీలెక్కించేవాళ్ళు. దాన్ని మధ్యలో ఆపేసింది నేనే.”

పక్కన రంగశాయి గారు తలెత్తలేదు. ఆమెకి ఎంత అర్థమైందో తెలియదు. కేశవులి చేతిలో ఉన్న కాగితం వైపు చూసింది.

“ఇదన్నా పంపించు నాయనా,” అని పక్కకి జరిగింది.

కేశవులు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, వరసలో తర్వాతి మనిషి పేరు అడిగాడు.